పగటిపూట మూసిన తలుపు

మా ఆయనను బస్సులో టికెట్ అడిగేవాళ్లు లేరు. బతుకంతా కండక్టరుగా చేసిన మనిషిని ఇంకో కండక్టరు ఎట్లా అడుగుతాడు? ఎక్కగానే "స్టాఫ్" అంటాడు, డ్రైవరు వెనక సీటు ఇస్తారు, దారిలో ఎవరో ఒకరు చాయ్ కూడా తాగిస్తారు. ఆ మర్యాదే మా పీకల మీదికి తెచ్చింది. టికెట్ అడిగితే ఎక్కడికని అడగాలి. ఎక్కడికని అడిగి ఉంటే, తానెక్కడికి పోతున్నాడో ఆయనకు తెలియదన్న సంగతి నల్లగొండ బస్‌స్టాండులోనే బయటపడేది.

ఆయనది మతిమరుపు జబ్బు. అరవై నిండకముందే వచ్చింది. ఒకరోజు టికెట్ మిషన్ చేతిలో పట్టుకొని, ఏ బటన్ నొక్కాలో తోచక నడి బస్సులో నిలబడిపోయాడట. ఆ మాట ఆయన నాకు చెప్పలేదు, డ్రైవరు చెప్పాడు. ఉద్యోగం మానిపించి హైదరాబాదు తీసుకుపోతే, అక్కడి డాక్టరు జబ్బుకు ఒక పొడుగు పేరు చెప్పి, "తగ్గేది ఉండదమ్మా, ఎంత నిదానంగా ముదిరితే అంత అదృష్టం" అన్నాడు. అదృష్టమనే మాట అంత చులకనగా ఎట్లా వాడతారని అడిగాను. ఆయన నా మొహం ఒకసారి చూసి తర్వాతి పేషెంటును పిలిచాడు. నాకు నోరెక్కువని పేరు. ప్రైవేటు జూనియర్ కాలేజీలో పిల్లలకు సివిక్స్ చెప్పేదాన్ని, నోరే నా బతుకుదెరువు. ఇంట్లో కూడా మా ఇద్దరికీ వాదన లేని పూట లేదు. చారులో చింతపండు దగ్గర మొదలుపెట్టి శాసనసభ దాకా పోయేవాళ్లం. పెళ్లయిన కొత్తలో ఇరుగుపొరుగు మేము విడిపోతామనుకున్నారు. వాళ్లకేం తెలుసు, అదే మా కాపురమని.

మొదటిసారి ఆయన ఇంట్లోంచి వెళ్లిపోయినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. హాలియా బస్సు కండక్టరు ఫోన్ చేశాడు.

"అక్కా, సారు మా బస్సుల ఉన్నడు. జర లొల్లి చేస్తాండు."

"ఏం లొల్లి తమ్మీ?"

"టికెట్లు నేనే కొడ్త అంటాండు. ఆడోళ్లేమో ఆధార్ కార్డులు చూపెడ్తాండ్రు. ఫ్రీ అని ఎవడన్నడు, నా సర్వీసుల ఫ్రీ లేదు, దిగుండ్రి అంటాండు. ఓ ముసలవ్వ గిట్ల దిగేదాక పోయింది. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెలుస్తలేదక్కా."

నేను నవ్వాను. స్టాఫ్ రూములో వాళ్లంతా నవ్వేసరికి ఇంకా నవ్వాను. హాలియా పోయే దారిలో, కిటికీ పక్కన కాలువ నీళ్లు, నాటు వేస్తున్న పొలాలు కనబడుతుంటే మాత్రం నవ్వు రాలేదు. ఆయన బస్‌స్టాండు బెంచీ మీద కాళ్లు చాపుకొని కూచున్నాడు. నన్ను చూసి గుర్రుమన్నాడు.

"నువ్వెందుకొచ్చినవే? డ్యూటీ దిగి నేనే వస్త గద."

ఇక సలహాలు మొదలయ్యాయి. జబ్బు ఒకరికి వస్తే సలహాలు ఊరందరికీ వస్తాయి. మా పెద్దాడబిడ్డ ఫోన్ చేసి బయట గొళ్ళెం పెట్టి పొమ్మంది. "నీ తమ్ముడు కోడిపెట్టనా వదినా, గంప కింద కమ్మి పోతానికి?" అన్నాను. ఆమె నాతో నెల దాకా మాట్లాడలేదు. గొళ్ళెం పెట్టకుండా పెద్దమనసుతో ఆగానని కాదు. బయట గొళ్ళెం పెట్టి లోపల ఆ మనిషి తలుపు తడుతుంటే, ఆ చప్పుడు వినడానికి నాకు ధైర్యం లేదు.

హైదరాబాదులో ఉద్యోగం చేసే మా బిడ్డ తలుపుకు పెట్టే సెన్సారు ఒకటి కొని పంపింది. రెండు తెల్లటి ప్లాస్టిక్ ముక్కలు. ఒకటి అగ్గిపెట్టెంత, రెండోది అందులో సగం. పెద్దదానిలో బ్యాటరీ ఉంటుంది, చిన్నదానిలో అయస్కాంతం. ఒకటి దర్వాజాకు, ఒకటి తలుపుకు, ఎదురెదురుగా అంటించాలి. తలుపు తెరిస్తే రెండూ దూరమవుతాయి, నా ఫోన్ మోగుతుంది. తీగలు లేవు, మేకులు లేవు. ఐదు నిమిషాల పని అని డబ్బా మీద రాశారు. డబ్బా మీద రాసినవాడు మా దర్వాజా చూడలేదు.

మాది రెండు రెక్కల టేకు తలుపు. పండుగ పండుగకు నేను నూనె గుడ్డతో తుడుస్తాను, శుక్రవారం శుక్రవారం గడపకు పసుపు పెడతాను. ఇన్నేళ్ల నూనె తాగిన కట్టె మీద ఏ జిగురు నిలుస్తుంది? అంటించడం, చెయ్యి తీయడం, అది టప్పున కింద పడటం. సబ్బు నీళ్లతో కడిగాను, పడింది. చివరికి గరుకు కాగితంతో ఆ మేరకు నూనె పొర పోయేదాకా గీకాను. నేను స్టూలు ఎక్కి గీకుతుంటే, స్టూలు కదలకుండా పట్టుకున్నది ఆయనే.

"ఇదేందే?" అన్నాడు.

"దొంగలొస్తె చెప్పే గంట."

"మనింట్ల ఏమున్నదని దొంగలొస్తరు?"

"నువ్వున్నవు గద. నిన్నెత్తుకపోతె?"

ఆయన పెద్దగా నవ్వాడు. "రెండు దినాలల్ల వాళ్లే తెచ్చి దింపుతరు తియ్" అన్నాడు. అట్లాంటి జవాబు ఆయన నోట విని చాలా రోజులైంది. స్టూలు మీద నిలబడి నేను కాసేపు గీకడం మానేశాను. తనను కాపలా కాసే వస్తువు కోసం స్టూలు పట్టుకున్నానని ఆయనకు తెలియదు. తెలిస్తే పెద్ద వాదన పెట్టుకునేవాడు. నాకు ఆ వాదన కావాలి.

ఫోన్‌లో దాన్ని కలపడం ఇంకో భాగోతం. బిడ్డ వీడియో కాల్‌లో చెప్తానంది. ఆ కాల్ ఉన్నది నా ఫోన్‌లోనే, యాప్ తెరవాల్సిందీ నా ఫోన్‌లోనే. యాప్ తెరిస్తే బిడ్డ నాకు కనబడదు, బిడ్డకు నేను కనబడను. చివరికి ఎదురింటక్క తన ఫోన్ తెచ్చింది. ఆమె వరండాలో మిషన్ పెట్టుకొని జాకెట్లు కుడుతుంది. ఇరవై ఏళ్లుగా మా ఎదురుగా ఉంటుంది, ఆదివారం చర్చికి పోతే తప్ప మిషన్ దగ్గరినుంచి లేవదు.

"అమ్మా, పక్కకున్న బటన్ ఒత్తి పట్టుకో. లైటు కొట్టుకుంటదా?"

"కొట్టుకుంటాంది. నా గుండె గిట్ల."

"జర నా మాట ఇను. ఇప్పుడు మన నెట్టు పేరు నొక్కు."

"రెండున్నయి పేర్లు."

"ఫైవ్ జీ అని ఉన్నది కాదు, రెండోది."

నేను అప్పటికే ఫైవ్ జీ నొక్కాను. పెద్ద పేరున్నదే మంచిదనుకోవడం మన జనానికి అలవాటు కదా. అది చాలాసేపు గిరగిర తిరిగి కలవలేదు. మళ్లీ మొదటినుంచి. రెండోసారి కలిసింది. అక్క తలుపు తెరిచింది, ఫోన్ మోగింది. మూసింది, మూసినట్టు చూపించింది. "అగో, ఎంత బుద్ధిమంతురాలాయె" అని అక్క దాన్ని మెచ్చుకుంది.

అప్పుడు బిడ్డ చివరి మాటగా చెప్పింది. "తలుపు మొత్తం మూసి ఉండాలె అమ్మా. దగ్గరికేస్తె కాదు. ఎప్పుడూ మూసే ఉండాలె."

నేను సరేనన్నాను. అంత చదివినదాన్ని, అంత వాదించేదాన్ని, ఆ ఒక్క మాట దగ్గర మాత్రం ఎదురు మాట్లాడలేదు.

మా కాలనీలో పగటిపూట ఎవరూ ముందు తలుపు మూయరు. ఎండ ఎక్కువైతే దగ్గరికేస్తారు, అంతే. లేచి కల్లాపి చల్లినప్పుడు తెరిచిన తలుపు పడుకునేటప్పుడే మూసేది. పొద్దుగూకే వేళ దీపం పెడితే వెనక తలుపు మూస్తారు, ముందు తలుపు బార్లా తెరుస్తారు. పగలు తలుపు మూసి ఉందంటే ఇంట్లో మనుషులు లేరని అర్థం, లేదంటే జరగకూడనిది ఏదో జరుగుతున్నదని. మరునాడు నేను తలుపు మూసుకొని కాలేజీకి పోయి వచ్చేసరికి అక్క రోడ్డు మీదే ఎదురొచ్చింది.

"పొద్దుగాల్నుంచి నా మనసు మనసుల లేదు చెల్లె. మూసిన తలుపు చూస్తె ఎట్లనో అయితాంది. రెండుసార్లు ప్రార్థన చేసిన."

"నిన్న నువ్వే గద అక్కా దగ్గరుండి పెట్టించినవ్?"

"పెట్టించిన. మూస్తె గిట్లుంటదని నాకేమెరుక?"

సెన్సారు తన పని తాను చేసింది. దాన్ని ఒక మాట అనడానికి లేదు. మొదటి వారంలోనే క్లాసు మధ్యలో ఫోన్ మోగింది. పంచాయతీరాజ్ గురించి చెప్తున్నదాన్ని ఆపి అక్కకు ఫోన్ చేశాను. "వస్తాండు, చూసిన, పట్టుకున్న. బావా, జర ఈ దారం సూదిల ఎక్కియ్యవా అన్న, కూసున్నడు" అంది. నాకు ఊపిరి వచ్చింది. తర్వాత ఇంకోసారి మోగింది, ఆ తర్వాత ఇంకోసారి. వారాలు పోతున్నకొద్దీ మోత పెరిగింది. జబ్బు ముదురుతున్నదనుకున్నాను. డాక్టరూ అదే అన్నాడు.

అదే రోజుల్లో ఆయన కొత్త మాట ఒకటి మొదలుపెట్టాడు. "ఇగ పోదాం పా."

"ఎక్కడికి?"

"ఇంటికి."

"ఇదే ఇల్లు."

"కాదు."

నేను ఊరుకుంటానా? రుజువులు తెచ్చాను. గోడ మీద మా పెళ్లి ఫోటో చూపించాను. వాళ్ల బాపు చేయించిన మంచం చూపించాను. దాని కోడు విరిగితే తనే అతికించిన గుర్తు చూపించాను. వంటింట్లో గిన్నెల మీద తన పేరు కొట్టించి ఉంటే అది అక్షరం అక్షరం చదివించాను. ఆయన అన్నీ శ్రద్ధగా చూశాడు. మంచి పిల్లవాడిలా తల ఊపాడు. అయిపోయాక నా భుజం మీద చెయ్యేసి, నాకేదో దుఃఖం వచ్చింది, నన్ను ఓదార్చాలి అన్నట్టు మెల్లగా చెప్పాడు.

"అన్నీ మనయే. ఎవరో తెచ్చి ఈడ పెట్టిండ్రు. మనింట్ల పగటీలి తలుపు మూయరే. ఇది ఎవరిల్లో. ఉండుమన్నరు, ఉన్నం. ఎన్ని దినాలుంటం? పా."

ఆ మాట ఆయన చాలాసార్లు అన్నాడు. నేను ప్రతిసారీ ఫోటో దగ్గరికే పోయాను. తలుపు దగ్గరికి పోలేదు. ఆయన ఎప్పుడు ఏం మాట్లాడినా జబ్బు మాట్లాడుతున్నదనుకోవడం అలవాటైపోయింది నాకు, అందులో ఆయన మాట కూడా ఉంటుందని తోచలేదు.

ఎండాకాలంలో ఒకనాడు కరెంటు పోయింది. ఫ్యాను లేదు, నెట్టు లేదు. నెట్టు లేకపోతే సెన్సారు దర్వాజాకంటిన ప్లాస్టిక్ ముక్క. ఎట్లాగూ ఇంట్లోనే ఉన్నాను కదా అని గాలి కోసం తలుపు రెండు రెక్కలూ తెరిచాను. వీధి చప్పుడు ఒక్కసారి లోపలికి వచ్చింది. అక్క మిషన్, ఎవరి ఇంట్లోనో కుక్కరు, పానగల్ వైపు పోయే ఆటో. ఆయన పడకగదిలోంచి లేచి వచ్చాడు. గడప దాకా పోయాడు. నేను లేవబోయాను. ఆయన ప్లాస్టిక్ కుర్చీ లాక్కొని గడప పక్కన వేసుకొని, ఒక కాలు మీద ఒక కాలు వేసి కూచున్నాడు. ఉద్యోగం చేసినన్నాళ్లు డ్యూటీ దిగి వచ్చి అట్లాగే కూచునేవాడు. దారిన పోయేవాళ్లను పలకరిస్తూ, పేపర్ చదువుతూ, లోపల ఉన్న నాతో వాదిస్తూ.

"చాయ్ పెట్టవా?" అన్నాడు. పెట్టి తెచ్చాను. ఒక గుటక తాగి అడిగాడు. "మనం ఎప్పుడొచ్చినం ఇంటికి?"

చాయ్ గ్లాసు పట్టుకొని అట్లాగే గడప మీద కూలబడ్డాను. గడప మీద కూచోవద్దంటారు. కూచున్నాను.

ఆ సాయంత్రం బిడ్డకు ఫోన్ చేశాను. "ఇంటికి పోతననే బయటికి పోతుండె బిడ్డా మీ బాపు. తలుపు మూసిన కొద్దీ ఇది మనిల్లు కాదనుకుంటాండు."

"గట్లని తలుపు తెరిచిపెడ్తె సెన్సార్ ఎందుకమ్మా మరి?"

"గదే నేను నిన్ను అడుగుతున్న."

"నన్నంటవేందే. రోడ్డు మీద లారీ కింద పడితె?"

మా ఇద్దరికీ ఆ రాత్రి మాటా మాటా పెరిగింది. దాని భయం నిజమే. ఆయన మాటా నిజమే. రెండు నిజాల మధ్య తీర్పు ఎట్లా చెప్పాలో పిల్లలకు క్లాసులో బోర్డు మీద రాసి చెప్తుంటాను, ఇంట్లో చెప్పరాలేదు.

మధ్యేమార్గమని సెన్సారును ఇనుప గేటుకు మార్చాను. పాలాయన గేటు తీస్తే మోగింది, పేపరతను తీస్తే మోగింది, మేక తలతో నెట్టినా మోగింది. ఎండకు జిగురు కరిగి పదిహేను రోజులైనా కాకుండానే ఊడి మోరీలో పడింది. తీసి కడిగి డబ్బాలో పెట్టాను. వచ్చే నెల నుంచి కాలేజీకి రానని చెప్పేశాను. ప్రిన్సిపాల్ బతిమాలలేదు. నా నోటికి ఆయన చాలా ఏళ్లుగా భయపడుతున్నాడు.

తలుపు తెరిచే ఉంచాను. ఆయన బయటికి పోవడం తగ్గింది. పూర్తిగా ఆగలేదు, తగ్గింది. కుర్చీలో కూచునేవాడు. అక్క ఎదురుగా మిషన్ తొక్కుతూ "బావా, అన్నం తిన్నవా?" అని కేకేసేది. ఒక్కోసారి తిన్న అనేవాడు, ఒక్కోసారి చెయ్యి ఎత్తేవాడు. "ఇంటికి పోదాం" అనే మాట మళ్లీ వినలేదు. గెలిచాననుకున్నాను. నాకు గెలవడమంటే ఇష్టం, ఎవరి మీద గెలిచానో కూడా చూసుకోను.

వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, జాకెట్ గుడ్డ ఇచ్చి వద్దామని అక్క ఇంటికి పోయాను. ఆయన నాకు కనబడుతూనే ఉన్నాడు. తిరిగి గేటు తీసుకొని వచ్చేసరికి ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"రాండ్రి, రాండ్రి" అన్నాడు. "మా ఇంట్ల తలుపు తెరిచే ఉంటది. పిలువాల్సిన పనిలేదు."

"ఏందీ, ఇయ్యాల మర్యాద ఎక్కువైంది?" అనబోయాను. ఆయన కళ్లు చూసి ఆగిపోయాను. తన కుర్చీ చేతితో తుడిచి నా వైపు జరిపాడు.

"కూసోండ్రి. మా ఆమె కాలేజీకి పోయింది. వచ్చే యాళ్లయింది. మీ పిల్లగాని ఫీజు ముచ్చటనా?"

గోడ మీద ఫోటో ఉంది. మంచం ఉంది. గిన్నెలున్నాయి. ఏదీ తేబుద్ధి కాలేదు.

"కాదు. ఊకెనే వచ్చిన" అన్నాను.

"మంచిది. గని ఒక మాట చెప్త. ఆమెతోని వాదన పెట్టుకోకుండ్రి. నా అసుంటోడే గెలువలే."

"గంత గయ్యాళిదా మీ ఆమె?"

ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు. చాలా నెలల తర్వాత ఆయనకు కోపం రావడం చూశాను. "గట్లనకుండ్రి" అన్నాడు. "ఇంటికొచ్చిండ్రు, మర్యాదగుండుండ్రి. మా ఆమెను నేనంట. ఇంకొకలంటె పడేది లేదు."

తప్పయిందన్నాను. ఆయన కాసేపటికి చల్లబడి లోపలినుంచి ఇంకో కుర్చీ తెచ్చుకొని పక్కన కూచున్నాడు. ఆకాశం మబ్బు పట్టింది. అక్క మిషన్ ఆపి మావైపే చూస్తున్నది. ఏమైందని చేత్తో అడిగింది, నేను తల అడ్డంగా ఊపాను. ఆయన మెడ చాచి వీధి మొగ వైపు, నేను ఇన్నేళ్లు కాలేజీ నుంచి వచ్చిన వైపు చూశాడు.

"లేటయితాంది" అన్నాడు. "వానొచ్చేటట్టున్నది. ఛత్రి కొంచపోలే." లేచి చెప్పులు వెతకడం మొదలుపెట్టాడు. "మీరు కూసోండ్రి. నేను ఎదురువోయి తోల్కొస్త."

పెళ్లయిన నాటినుంచి ఆయన్ని నేను నువ్వు అనే పిలిచాను. మీరు అన్నది లేదు.

"మీరు పోకుండ్రి" అన్నాను. "నేను అట్లనుంచే వచ్చిన. ఆమె వస్తాంది. దారిల ఉన్నది."

"నిజమా? చూసిండ్రా?"

"చూసిన."

ఆయన నమ్మాడు. చెప్పులు విడిచి కుర్చీలో కూచున్నాడు. ఎంత దూరంలో చూశారని అడిగాడు, దగ్గరే అన్నాను. తడవలేదు కదా అని అడిగాడు, లేదన్నాను. వాన మొదలైంది. ఇద్దరం వీధి మొగ వైపు చూస్తూ కూచున్నాం.